మా చిన్నమ్మ రాసిన ఎలుగు కథ

నాగమణి ఇచ్చిన తేనె సీసా చేతికి రాగానే నేను చేసిన మొదటి పని దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూడడం. అడగకుండా ఇంటికొచ్చిన తేనెను నేను నమ్మను. బెల్లం పాకాన్ని అడవితేనె అని చెప్పి అంటగట్టేవాళ్లను భద్రాచలం బస్టాండులో ఎంతమందిని చూడలేదు! చర్ల అవతలి నుంచి మూడు బస్సులు మారి ఖమ్మం దాకా వచ్చిన మనిషికి మంచినీళ్లైనా ఇవ్వకుండా సీసాను అటూ ఇటూ వంచుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె నవ్వింది. "నీళ్లల్ల ఒక చుక్క ఏసి చూసుకోండ్రి అక్కా, నేనేం అనుకోను" అన్నది. నిజం చెప్పొద్దూ, వేసి చూశాను కూడా. చుక్క కరగకుండా నేరుగా గ్లాసు అడుక్కి దిగింది. అయినా పూర్తిగా నమ్మలేదు, అది వేరే సంగతి.

ఆమె ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మా చిన్నమ్మ గురించి చెప్పాలి. మా అమ్మకు స్వయానా చెల్లెలు, పేరు సువార్తమ్మ. చర్ల దాటాక అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్లో టీచరుగా, వార్డెనుగా బతుకంతా గడిపింది. పెళ్లి చేసుకోలేదు. ఆమె పేరు మీద ఒకే ఒక్క పుస్తకం ఉంది, "ఇల్లు వెతికిన ఎలుగమ్మ" అని. పిల్లల కథ. వానలకు గుహ కూలిపోయిన ఒక తల్లి ఎలుగుబంటి, ఇద్దరు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ అడవంతా తిరుగుతుంది. ఏదుపంది ముళ్లు లేపి పొమ్మంటుంది. దుమ్ములగొండి నవ్వుతూ రమ్మంటుంది, ఆ నవ్వు చూసి ఎలుగమ్మే వెనక్కి తిరుగుతుంది. ఈ పుస్తకం మళ్లీ వేస్తామని హైదరాబాదు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. రచయిత్రి జీవితం గురించి అరపేజీ రాసివ్వమని, ప్రశ్నలతో ఒక ఫారం కూడా పంపాడు. నేను రాయనన్నాను. "అసలు ఆ కథ ఆమెది కాదు, హాస్టల్లో వంట చేసిన జోగమ్మది. అట్ట మీద జోగమ్మ పేరు వెయ్యండి, అప్పుడు రాసిస్తాను" అన్నాను. ఎన్నో ఏళ్లుగా నా కడుపులో ఉన్న మాట అది. అన్యాయాన్ని సరిదిద్దుతున్నానన్న గర్వం కూడా కొంచెం ఉండింది. ఆయన ఎట్లాగో వెతికి జోగమ్మ కూతురు నాగమణిని పట్టుకుని విషయం చెప్పాడు. నాలుగో రోజుకల్లా ఆమె నా గుమ్మంలో ఉంది. ఇన్నేళ్లూ ఎందుకు నోరు మూసుకున్నావని నన్ను కడిగెయ్యడానికే వచ్చిందనుకున్నాను.

అనుమానం మా ఇంట్లో అన్నం లాంటిది, రెండు పూటలా ఉండేది. మాది బాయిలో పనిచేసే కుటుంబం. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటారు. వరసగా ఒకే తీరు క్వార్టర్లు, తెల్లవారగానే ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజేసిన పసుప్పచ్చటి పొగ, ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగు. ఆ లైనులో మా అమ్మ నమ్మిన మనిషి ఒక్కరు లేరు. పాలు పోయించుకునే ముందు ఒక చుక్క గోటి మీద నిలబెట్టి చూసేది. చేపలామె ఎంత ఒట్టు పెట్టుకున్నా మొప్పలు ఎత్తి చూడనిదే గంపలో చెయ్యి పెట్టేది కాదు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆమె మాత్రం ఒక కన్ను సగం తెరిచి గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు చూసుకునేది. అటువంటి మనిషి కంట, తొమ్మిదో తరగతి చదివే కూతురు వంటింటి వెనక కూర్చుని నోటుబుక్కులో ఏదో రాస్తూ పడింది. "ఏం రాస్తున్నవే? ఎవనికి రాస్తున్నవ్?" అని జుట్టు పట్టుకుంది. "కత రాస్తున్ననే అమ్మా" అని నేను ఏడుస్తూ చెప్తే, "నాకు చెప్పకు కతలు! ఈ లైన్ల ఉంటే నువ్వు చెడిపోతవ్" అని, వారం తిరగకుండా నన్ను బట్టల సంచితో సహా చిన్నమ్మ దగ్గర దింపి వచ్చింది. అట్లా ఒక ఏడాది నేను ఆ హాస్టల్లో ఉన్నాను.

ఆ హాస్టల్ కంచె అంటే వెదురు తడికే. దాని అవతల ఇప్పచెట్లు. ఎండలు ముదిరే ముందు ఆ పూలు రాలేటప్పుడు తియ్యగా, మగ్గినట్టుగా, కొంచెం తల తిప్పేట్టుగా ఒక వాసన వచ్చి పరుపుల్లోకి, పుస్తకాల్లోకి కూడా దూరేది. ఆ పూల కోసం ఎలుగులు వచ్చేవి. పొద్దున్నే జోగమ్మ వెళ్లి మట్టిలో అడుగుజాడలు చూసి, "తల్లి, ఇద్దరు పిల్లలు" అని వచ్చి చెప్పేది. జోగమ్మ ఆ పక్క గూడెం నుంచి వచ్చే కోయ ఆడమనిషి. నల్లటి పెద్ద గుండిగలో చింతపండు చారు కాచేటప్పుడు ఆమె కళ్లు ఎప్పుడూ పొయ్యి మీద ఉండేవి కావు, అడవి మీదే ఉండేవి. చారు మాత్రం ఒక్కనాడూ పొంగలేదు. చిన్నమ్మ ఇందుకు పూర్తిగా భిన్నం. తెల్లచీర, కార్బాలిక్ సబ్బు వాసన, చేతిలో కీర్తనల పుస్తకం. బల్లి మీద పడితే హాస్టల్ అదిరేట్టు అరిచేది. "టీచరమ్మా, తొండ!" అని అబద్ధం చెప్పి ఆమెను బెంచీ ఎక్కించడం పిల్లలకు వేడుక. తడిక దాటి అడవిలోకి పది అడుగులు వేసింది నేను చూడలేదు. అందరూ తిన్నాక, గుండిగ అడుగున మిగిలింది గీకి తినేది. అదైనా మళ్లీ ఒకసారి "ఎవరన్న తినకుండ ఉన్నరా?" అని అడిగాకనే.

ఆ ఊరి గాలిలోనే అనుమానం ఉండేది. కొత్త మనిషి కనబడితే మాటలు ఆగిపోయేవి. యూనిఫారంలో వచ్చినవాళ్లు ఇంత బియ్యం ఎవరు తింటున్నారని అడిగేవారు. వాళ్లు పోయాక అడవిలోంచి ఇంకెవరో వచ్చి, వాళ్లేమడిగారని అడిగేవారు. చిన్నమ్మ ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పేది, "పిల్లలు తిన్నరు" అని. కాగితం మీద ఏదైనా రాసేవాళ్లంటే ఆ వైపు మరీ భయం. పేర్లు రాసుకుంటున్నారేమో, ఎవరికి అందిస్తారో అని. అటువంటి చోట సాయంత్రం ప్రార్థన అయ్యాక చిన్నమ్మ వంటింట్లో పీట వేసుకుని, జోగమ్మ చేటలో బియ్యం చెరుగుతూ చెప్పేది వింటూ, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని రాస్తుండేది. ఒకనాడు నేను మంచినీళ్ల కోసం లోపలికి వెళ్తే చటుక్కున మూసేసింది. మొహం ఎర్రబడింది. తల్లి పోలిక ఎక్కడికి పోతుంది? మా అమ్మ నా నోటుబుక్కును చూసినట్టే నేను చిన్నమ్మ నోటుబుక్కును చూశాను, ఏదో తప్పు పని జరుగుతోందని ఆ క్షణమే తేల్చేసుకున్నాను.

పుస్తకం అచ్చయి వచ్చేసరికి నాకు ఇరవై దాటాయి. నావి కూడా రెండు కథలు పత్రికలో పడ్డాయి, కాబట్టి కాళ్లు నేల మీద లేవు. క్రిస్మస్‌కు చిన్నమ్మ మా క్వార్టరుకు వచ్చి, అందరికీ తలా ఒక కాపీ ఇచ్చింది. అట్ట మీద ఎలుగు బొమ్మ కొంచెం గేదెలాగా ఉంది, అయినా ఆమె దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. నేను అక్కడే గబగబా తిరగేశాను. ఎలుగు పిల్లల్ని వీపు మీద మోస్తుందని, పుట్టలో మూతి పెట్టి చెదల్ని గుంజేటప్పుడు దూరానికి కూడా చప్పుడు వినబడుతుందని బల్లికి అరిచే ఈమెకెట్లా తెలుసు? అన్నాలకు కూర్చున్నాం. బంధువులు, పాస్టరుగారు, పాస్టరమ్మగారు అందరూ ఉన్నారు. "చిన్నమ్మా, ఇది జోగమ్మ చెప్పిన కత గదా? నీ పేరెట్ల ఏసుకున్నవ్?" అని అందరి ముందే అడిగేశాను. కూర వడ్డిస్తున్న చిన్నమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. నా మొహం చూసింది. "నీకట్ల అనిపిచ్చిందా బిడ్డా?" అన్నది. అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా, ఆమె తడుముకోలేదు. ఆ సంగతి నేను గమనించలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు, నేను పూర్తి అంగీకారమనే అనుకున్నాను. మా అమ్మ పళ్లెంలోంచి తలెత్తకుండా, "నాకు ముందే డౌటు" అన్నది. మా అమ్మకు డౌటు లేనిది ఎప్పుడు గనక!

ఆ తర్వాత చిన్నమ్మ ఇంకో పుస్తకం రాయలేదు. నా అనుమానానికి అది ఇంకో సాక్ష్యమైంది. సొంత సరుకుంటే రాసేది కదా అనుకున్నాను. నేను రాస్తూ పోయాను, పేరొచ్చింది, నా పుస్తకాలు ఆమెకు పంపేదాన్ని. ప్రతి పుస్తకానికీ ఇన్‌లాండ్ లెటర్ నిండా జవాబు వచ్చేది, ఏ పాత్ర బాగుందో, ఎక్కడ ఏడ్చిందో. పొగడ్తలో కూడా నేను వెటకారం వెతికాను. ఒక్క ముక్క దొరకలేదు. ముసలితనంలో చూపు పోయాక కూడా ఎవరితోనో రాయించి పంపింది. ఆమె చనిపోయినప్పుడు వెళ్లాను, మట్టి వేసి వచ్చాను. అప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తాల్సిందేమీ లేదనుకున్నాను.

ఇదంతా మనసులో పెట్టుకునే నేను నాగమణి ఎదురుగా కూర్చున్నాను. ఆమె చర్ల దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. రెండో గ్లాసు నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని విషయానికొచ్చింది.

"పుస్తకం మీద మా అమ్మ పేరు ఏస్తరంట గదా అక్కా. గట్ల ఎయ్యొద్దని చెప్దామని వచ్చిన."

"ఎందుకు?"

"అది మా అమ్మ కత కాదు గాబట్టి."

ఎవరో ఈమెను బెదిరించి పంపారని నాకు వెంటనే అనిపించింది. "గిట్ల చెప్పుమని నీకు ఎవరన్న చెప్పిండ్రా? భయపెట్టిండ్రా?" అన్నాను.

"నన్నెవరు భయపెడతరక్కా!" అని పకపకా నవ్వింది. "ఎలుగు సంగతులు మా అమ్మ చెప్పింది, అవ్. టీచరమ్మ అడుగుడు, మా అమ్మ చెప్పుడు. మల్ల రాసింది సదివి ఇనిపిచ్చుడు. తప్పుంటే మా అమ్మ కొట్టేపిచ్చేది. కత మాత్రం టీచరమ్మదే."

"నువ్వు గప్పుడు చిన్నపిల్లవు. నీకెట్ల తెలుసు?"

"ఆళ్లిద్దరు కొట్లాడుకున్నది గా ఒక్కసారే అక్కా. గందుకే యాదికుంది." సంచిలోంచి పాత కాపీ తీసింది. పిల్లల వేళ్ల జిడ్డుకు ప్రతి పేజీ అంచూ నల్లబడింది. ఒక పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "గిది సూడుండ్రి. మా అంగన్‌వాడీ పిల్లలు ఈడికి రాంగనే నవ్వుతరు. 'టీచర్, మన ఎలుగు కర్ర పట్టుకోని గుహ కప్పు కొడ్తదా?' అంటరు. మా అమ్మ గూడ గదే అన్నది, 'ఎలుగు గట్ల చెయ్యదు, తీసెయ్' అని. చెప్పినవన్ని తీసేసింది టీచరమ్మ, గిది తియ్యలే. 'జోగక్కా, గీ ఒక్కటి ఉండనియ్' అని బతిమాలింది. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలే. నాకు ఇప్పటికి తెల్వది అక్కా, ఎందుకు కొడ్తదో. మీకేమన్న తెలుసా?"

చదివాను. చివరికి దొరికిన గుహ ముందు ఎలుగమ్మ పిల్లల్ని కిందికి దింపి బయటే నిలబెడుతుంది. తానొక్కతే లోపలికి పోయి, వెనక కాళ్ల మీద లేచి, కర్రతో కప్పును నాలుగు మూలలా తట్టి, చెవి పెట్టి వింటుంది. పుస్తకమంతా పుస్తకాల తెలుగే. అక్కడ ఒక్కచోట మాత్రం ఎలుగమ్మ మా ఇంటి భాష మాట్లాడుతుంది, "ఇగ రాండ్రి" అని.

అది మా తాత. చిన్నమ్మకు, మా అమ్మకు నాన్న. బాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. మనుషుల్ని లోపలికి పోనిచ్చే ముందు కప్పును తట్టి చూడాలి. గట్టి కప్పు గణ్‌మంటుంది, వదులైన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ తేడా చెవికి అందకపోతే కింద ఉన్నవాళ్లు ఇంటికి రారు. పని మానేశాక కూడా తాత ఆ అలవాటు మానలేదు. ఎవరింటికి పోయినా మమ్మల్ని గుమ్మం బయటే ఆపేవాడు. "ఆగుండ్రి, కప్పు ఏమంటదో ఇననియ్యుండ్రి" అని చేతికర్ర ఎత్తి మూలమూలా తట్టేవాడు. కొత్తగా స్లాబు వేసుకున్న బంధువులు మొహం మాడ్చుకునేవారు. చర్చిలో కూడా తట్టి పాస్టరుగారికి కోపం తెప్పించాడు. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. మేం పిల్లలం వెనక నవ్వేవాళ్లం. అంతా తట్టి చూశాకనే చెయ్యి ఊపి "ఇగ రాండ్రి" అనేవాడు. తాత పోయేనాటికి నాకు ఏడేళ్లు. ఆ మాట నా చెవిలో అంత గట్టిగా ఉండి కూడా, పుస్తకంలో కళ్లెదుట ఉంటే నాకు కనబడలేదు. ఎట్లా కనబడుతుంది? నేను ఆ పుస్తకాన్ని చదవలేదు, సోదా చేశాను. దొంగసొత్తు ఏదని వెతికేవాడు సొంత తాత ఎదురొచ్చినా గుర్తుపట్టడు. బాయి మనిషి కూతురు తప్ప భూమ్మీద ఇంకెవరూ రాయలేని వాక్యం అది. అడవి తెలిసిన జోగమ్మ అది తప్పని చెప్పింది, నిజంగానే తప్పు. ఆ తప్పే చిన్నమ్మ సంతకం.

నాగమణికి తాత సంగతి చెప్పాను. చెప్తూ ఏడ్చేశాను. సిగ్గేసింది, ఇంత వయసొచ్చాక ఒక పరాయి మనిషి ముందు ఏడ్చినందుకు కాదు, ఏడవడానికి ఇన్నేళ్లు పట్టినందుకు. ఆమె ఆ పేజీని మళ్లీ చూసి, "గట్లనా! ఇగ మా పిల్లలకు చెప్త, గది ఎలుగు కాదురా, బాయి తాత అని" అన్నది. ఇప్పుడు వాళ్ల ఊరికి రోడ్డు పడిందట, మధ్యలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి సంచులు చూస్తారట. తేనె సీసా మూత తీసి వాసన చూసి మరీ పంపారని చెప్పింది. అంటే నేను చేసింది ఆ తేనెకు రెండో తనిఖీ. చిన్నమ్మ రోజుల్లో తడిక ఒక్కటే ఉండేది, ఎలుగు కూడా దాటేది. అప్పుడు అడవి నిండా అనుమానమని చెప్తాను కానీ, ఆ హాస్టల్ వంటింట్లో ఇద్దరాడవాళ్లు ఒకరి మాట ఒకరు నమ్మి ఒక కథను అక్షరం అక్షరం సరిచూసుకున్నారు. అనుమానాన్ని లోపలికి మోసుకుపోయింది నేనే.

"తర్వాత టీచరమ్మ ఇంకేం రాయలేదు గదా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"రాయలే గాని చెప్పేది అక్కా! రోజుకొకటి. నీరుకుక్కది, కాలిరిగిన కొంగది, ఒంటి నిండ పొలుసులున్న అలుగుది. 'రాయి టీచరమ్మా' అని మేం ఎంటబడేటోళ్లం. 'వద్దే, రాస్తే ఎవరిదని అడుగుతరు, నాకు జవాబు చెప్పొస్తలేదు' అని నవ్వేది."

ఎవరు అడిగారో ఆమె వాళ్లకు చెప్పలేదు. నాగమణికి అప్పటిదాకా తెలియదు. అడిగింది నేనేనని చెప్పాను. ఆమె తల దించుకుని సంచి తాడు సరిచేసుకుంది. నేనే, "అలుగుది చెప్పవా?" అని అడిగాను.

"ఒక అలుగు ఉండెనంట" అని మొదలుపెట్టింది. పిల్లలకు చెప్పే గొంతుతోనే. "ఎవ్వరు పలకరిచ్చినా ముడుసుకుంటుండెనంట. గాలొచ్చినా ముడుసుకునుడే, ఆకు రాలినా ముడుసుకునుడే. ఒకనాడు దాని బిడ్డే వచ్చి, 'అమ్మా, నేనే' అని పిలిచిందంట. అయినా ఇప్పుకోలేదంట. గప్పుడు ఆ బిడ్డ ఏం చేసిందంటే..." ఆగింది. నుదురు రుద్దుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. "ఏం చేసిందో యాదికొస్తలేదక్కా. మంచిగ ఉండె. అందరం చప్పట్లు కొడ్తుంటిమి. మీరు కతలు రాస్తరు గదా, మీరే ఏదన్న కలుపుండ్రి."

కలపొచ్చు. ముగింపులు కల్పించడం నాకు చేతనైన పనే. కలపలేదు. ఎవరైనా మరిచిపోయానంటే దాస్తున్నారనుకునేదాన్ని నేను, కానీ ఈమె నిజంగానే మరిచిపోయిందని నాకు తెలిసింది. ఆ కథ ఇక ఎక్కడా లేదు.

బస్సు వేళ అయిందని నాగమణి లేచింది. ఆమెను సాగనంపి వచ్చి, హైదరాబాదు ఆయన అడిగిన అరపేజీ రాయడానికి కూర్చున్నాను. రచయిత్రి సువార్తమ్మ. బాయి కార్మికుడి కూతురు. అడవి సంగతులు చెప్పి, తప్పులు దిద్దినది జోగమ్మ. సువార్తమ్మ పిల్లలకు ఇంకా ఎన్నో కథలు చెప్పింది. రెండో పుస్తకం మాత్రం రాయలేదు. ఎందుకు రాయలేదని ఆయన ఆ ఫారంలో ముందే ఒక ప్రశ్న వేసి, జవాబుకు ఒక గీత ఖాళీ వదిలాడు. అక్కడ నా పేరు రాశాను.